టకటకలాడే జవాబు పీట

రండర్రా, రండి. అక్కడే గుమ్మం పట్టుకుని వేలాడకపోతే లోపలికొచ్చి కూర్చోవచ్చుగా, బడికి పెద్దనే గానీ నేనేం కరవనులే. ఇంకా దగ్గరికి. నా గొంతు వెనక గోడదాకా వెళ్ళడం మానేసి చాలా కాలమైంది, మీరే దానికి ఎదురు రావాలి. ఆఁ, ఐదో తరగతి లీడరు ఈ పక్క, ఏడో తరగతి లీడరు ఆ పక్క. మధ్యలో ఆ రెండు జడల పిల్లని కూర్చోబెట్టండి, అదుంటే ఎవరూ చెయ్యెత్తరు. ఇప్పుడు చెప్పండి గొడవేంటో. ఒక్కొక్కరే... ఒక్కొక్కరే అన్నానా? సరే, నాకు అర్థమైంది నేనే చెప్తాను, తప్పయితే దిద్దండి. ఐదో తరగతి వాళ్ళు నిన్న కాక మొన్న లీడర్ని ఎన్నుకున్నారు. సుద్దముక్కలు తేవడం మరిచిపోయాడని ఇవాళే దించేస్తామంటున్నారు. ఏడో తరగతిలో ఏమో ఈయనగారే ఎప్పటినుంచో లీడరు, ఏం తెచ్చాడో ఏం తేలేదో అడిగినవాడు లేడు. దాంతో ఐదో తరగతి వీళ్ళు ఏడో తరగతి వాళ్ళని 'మొద్దులు' అన్నారు, వాళ్ళు వీళ్ళని 'నిన్న పుట్టినవాళ్ళు, మీకేం తెలుసు పద్ధతులు' అన్నారు. అంతేనా? అంతేగా. దీనికోసం చొక్కా గుండీలు తెంపుకోవాలా? ఏంటమ్మా రెండు జడలూ? ఉయ్యాలా? ఉయ్యాల సంగతి చూద్దాంలే, ముందు ఇది విను.

సరిగ్గా ఇదే తగువు మా పెద్ద మామయ్య గుమ్మం ముందు నడిచింది. పెద్ద మామయ్యంటే మా అమ్మకి పెద్దన్నయ్య. మీరు చూడలేదు, మీ నాన్నలు కూడా చూసుండరు. వడ్రంగి. మనిషి పొడుగ్గా, సన్నగా, తను చిత్రిక పట్టిన బద్దలాగే ఉండేవాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, పెన్సిలేదీ పెన్సిలేదీ అని ఇల్లంతా వెతికేవాడు. మా అత్తయ్య చూస్తూ ఊరుకునేది గానీ చెప్పేది కాదు. 'వెతకనీ, ఆ వంకనైనా వంటింట్లోకి ఓసారి తొంగి చూస్తారు' అనేది. మామయ్య మనుషులతో తక్కువ మాట్లాడేవాడు, చెక్కతో ఎక్కువ. 'అలా వంకర తిరుగుతావేంటే, నేనేమన్నానని' అంటూ పలకని బుజ్జగించేవాడు. ఉలి చేతికిస్తే ఎంతటి పనైనా సరే. పొయ్యి దగ్గరికి పంపితే మాత్రం నీళ్ళు కాచడం కూడా రాదు. నవ్వకండి, నిజం. ఒకసారి గిన్నెలో నీళ్ళు పొయ్యడం మరిచిపోయి గిన్నెని కాచాడు. ఇది గుర్తు పెట్టుకోండి, కథంతా దీని మీదే నిలబడింది.

ఆయన కొట్టు రెండు వీధులు కలిసే మూల మీద. ఎడమచేతి వైపు పాతవీధి, కుడిచేతి వైపు కొత్తవీధి. పాతవీధిలో తాతల తాతల నాటి నుంచి వీధికో అధ్యక్షుణ్ణి ఓట్లేసి ఎన్నుకునేవాళ్ళు. దానికో పద్ధతి ఉండేది. ఆదివారం పూట అధ్యక్షుడు వీధి నడుమ పీట వేసుకుని కూర్చోవాలి, చుట్టూ వీధివాళ్ళు నిలబడి అడిగేది అడగాలి, జవాబు చెప్పేదాకా ఆయన లేవకూడదు. అందుకని దాన్ని జవాబు పీట అన్నారు. మొదట్లో అది వట్టి పీటే. కానీ ఒకాయనకి నడుం నొప్పి. ఆనుకోవడానికి వెనకో పలక కొట్టించుకున్నాడు. తరవాతాయన చేతులు పీకుతున్నాయని పక్కన చేతులు పెట్టించాడు. ఆ తరవాతాయన దిండు వేయించాడు. ఇంకొకాయన కాళ్ళు చాపుకోవడానికి ముందు మరో చిన్న పీట, ఆఖరాయన ఎండ తగలకుండా నెత్తిన ఓ గుడ్డ గొడుగు. అన్నీ మా మామయ్య తాతా తండ్రీ చేసి పెట్టినవే. పేరు మాత్రం జవాబు పీటే! కూర్చునేచోటుతో పాటు అడిగేవాళ్ళూ మెత్తబడ్డారు. ఆదివారం పొద్దున్నే ఉతికిన బట్టలు వేసుకొచ్చి, 'అధ్యక్షులవారు కులాసానా?' అనేవాళ్ళు. 'కులాసా. వీధి కులాసానా?' 'కులాసా.' చప్పట్లు. ఇంక ఇంటికి. ఎవరైనా ఒళ్ళు మరిచి ఇంకో ప్రశ్న అడిగితే, అప్పటి అధ్యక్షుడు, మందుల షాపాయన, గుండ్రటి మనిషి, గొంతు కూడా గుండ్రంగానే ఉండేదిట, 'చూద్దాం' అనేవాడు. ఎంత హాయిగా అనేవాడంటే, అడిగినవాడు పని అయిపోయిందనుకుని వెళ్ళిపోయేవాడు. వెనకాల అందరూ ఆయన్ని చూద్దాంగారు అనేవాళ్ళు.

కొత్తవీధి సంగతి వేరు. మొన్నటిదాకా అది వీధే కాదు, ఒక పెద్దమనిషి గోదాముల ఆవరణ. పనివాళ్ళంతా లోపలే కాపురం. ముందు పెద్ద చెక్క గేటు. ఆయనకి బుద్ధి పుడితే తెరవడం, లేకపోతే మూయడం. 'ఎందుకు మూశారయ్యా?' అంటే 'గేటు నాది' అనేవాడు. అంతే జవాబు. చివరికి వాళ్ళంతా ఒక్కటై ఆయన్ని సాగనంపి, గేటు ఊడబీకి, 'ఇకనుంచి మాకూ అధ్యక్షుడు, మాకూ జవాబు పీట' అన్నారు. ఆ గేటు చెక్కల్లోంచే మామయ్య చేత పీట చేయించుకున్నారు. ఇక చూస్కోండి, అన్నాళ్ళు మూసుకున్న నోళ్ళు కదా! 'నువ్వెందుకురా అధ్యక్షుడివి?' 'మీరేగా ఓట్లేశారు!' 'ఎందుకు వేశాం?' వాన ఎందుకు పడలేదు, మావాడికి మీసం ఎందుకు రాలేదు, ఇందాక నువ్వెందుకు నవ్వావు, అన్నిటికీ ఆయనే చెప్పాలి. పాపం ఆయన భయంతో ఏదడిగితే అది ఇస్తాననేవాడు. సముద్రం తెప్పిస్తానన్నవాడు కూడా ఉన్నాడు. మరుసటి ఆదివారం 'సముద్రమేదిరా' అని పీటతో సహా ఎత్తి పడేసేవాళ్ళు. బార్బర్ షాపాయన ఒకడు, సగం గడ్డం గీసిన మనిషిని కూర్చోబెట్టి, 'ఇప్పుడే అధ్యక్షుణ్ణై వస్తా' అని వెళ్ళి, ఆ రెండో బుగ్గ గీయడానికి మాజీ అధ్యక్షుడిగా తిరిగొచ్చాడు. పాతవీధి వాళ్ళు అది చూసి నవ్వేవాళ్ళు, 'జవాబుదారీ అంటే ఏంటో మా దగ్గర నేర్చుకోండి' అని. 'మీ దగ్గరా? మీకు నోరుందని మీకైనా గుర్తుందా' అని వీళ్ళు. అచ్చం మీలాగే. గుండీలు తప్ప.

ఇంతకీ అసలు సంగతి. రెండు వీధుల మురుగుకాలవలూ మామయ్య గుమ్మం ముందే కలిసేవి. పైన రాతిమూత. అది ఓనాడు పగిలి లోపల పడింది. అంతే, గుంట. మా అత్తయ్య బకెట్ పట్టుకుని బయటికొచ్చి నేరుగా అందులో దిగింది. నడుం లోతు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఆ కేకకి రెండు వీధుల కుక్కలూ పార్టీలు మరిచిపోయి ఒకే వైపు పరిగెత్తాయట. మామయ్య పాతవీధికి వెళ్ళాడు. 'గుంటా? చూద్దాం' అన్నారు చూద్దాంగారు, 'ఇన్ని తరాల్లో మా వీధిలో గుంట పడ్డట్టు ఎవరూ అనలేదు. అది కొత్తవాళ్ళ వైపుదై ఉంటుంది.' కొత్తవీధికి వెళ్ళాడు. 'మేం మొదలుపెట్టిందే మొన్న! ఆ మూత వాళ్ళ తాతలు వేసింది, వాళ్ళనడుగు' అని అరిచి, ఆ ఊపులోనే అధ్యక్షుణ్ణి మార్చేశారు. కొత్తాయనకి కథ మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. ఏంటీ? వడ్రంగే కదా, ఓ చెక్క అడ్డం వెయ్యకపోయాడా అంటావా? మంచి ప్రశ్న. వేశాడు. రెండు వీధులూ కలిసికట్టుగా వచ్చి తీసేశాయి. 'గుంట మాది కాదు, కానీ మమ్మల్ని అడక్కుండా మూయడానికి నువ్వెవరు?' అన్నారు. ఆ ఒక్క రోజే వాళ్ళు ఒక మాట మీద నిలబడింది.

ఈ తిరుగుళ్ళలో మామయ్య ఉండగానే అత్తయ్య ఉతికిన బట్టల మూటతో రెండోసారి పడింది. ఈసారి కేక లేదు. ఆవిడ నెమ్మదిగా పైకొచ్చి, స్నానం చేసి, ట్రంకుపెట్టె కిందకి దించి, చీరలు మడతపెట్టి సర్ది, పెట్టెని గుమ్మం పక్కన పెట్టింది. 'ఇంకొక్కసారి పడ్డానా, అట్నుంచి అటే మా చెల్లెలింటికి. మళ్ళీ రాను. మీ గిన్నెలు మీరు కాచుకోండి.' 'నేనేం చేశానే?' అన్నాడు మామయ్య. 'ఏమీ చెయ్యలేదు. అదే నేనూ అంటున్నది' అంది అత్తయ్య. ఆ రోజునుంచి మామయ్యకి చిత్రిక పడుతున్నా, మేకు కొడుతున్నా, కళ్ళు ఆ పెట్టె మీదే. అత్తయ్య చెప్పు వేసుకుంటే చాలు, ఆయన గుండె జారి ఆ గుంటలో పడేది.

అలా ఉండగా, రెండు జవాబు పీటలూ ఒకే వారం రిపేరుకి వచ్చాయి. పాతవాళ్ళ కుర్చీకి ఒక చెయ్యి ఊడింది. మరి, తరాల తరబడి మోచేతులు ఆనించడమే కదా దాని పని! కొత్తవాళ్ళ పీటకి కాలు విరిగింది. అదెందుకు విరిగిందో చెప్పక్కర్లేదు. మామయ్య కుర్చీ చేతిని బంకతో అతికించి బిగించాడు, పీటకి కొత్త కాలు వేశాడు. ఆ కాలు కాస్త పొడుగ్గానే వదిలాడు. కొత్త చెక్క ఆరి సర్దుకున్నాక సమంగా కొయ్యాలి, అది ఆయన పద్ధతి. ఇంకో పద్ధతి, బంక తడిగా ఉంటే దేవుడు దిగొచ్చినా సామాను బయటికివ్వడు. ఆదివారం పొద్దున్నే పాతవీధి వాళ్ళు కుర్చీ కోసం వచ్చారు. మామయ్య వేలితో తాకి, 'ఆరలేదు' అన్నాడు. 'ఆరకపోతే ఏం? ఒక్క కులాసా అనేసి తెచ్చేస్తాం.' 'ఆరలేదన్నానా.' 'మరి అధ్యక్షుడు నిలబడాలా? మా వీధి పుట్టాక అలాంటి అనర్థం జరగలేదు!' మామయ్య చుట్టూ చూశాడు. కొత్తవాళ్ళ సభ ఎలాగూ మధ్యాహ్నం కదా అని, ఆ పీట చేతిలో పెట్టి, 'ఇవాళ్టికి దీంతో కానివ్వండి' అన్నాడు. ఆయన మనసులో ఇంకే దుర్బుద్ధీ లేదు. ఉందని అత్తయ్య అనేది గానీ, ఆయనకంత తెలివి లేదని కూడా ఆవిడే అనేది.

చూద్దాంగారు వచ్చి కూర్చున్నారు. పీట 'టక్' మంది. ఆయన అటు సర్దుకున్నారు, 'టక్'. ఇటు సర్దుకున్నారు, 'టక్'. 'అధ్యక్షులవారు కులాసానా?' 'కులా' టక్ 'సా' టక్. ఎవరో కిసుక్కుమన్నారు. పాతవీధి సభలో నవ్వు వినపడడం అదే మొదలు! ముందు నిలబడ్డ ముసలమ్మ జాలిపడి, 'జాగ్రత్త నాయనా, వడ్రంగి భార్య గుంటలో పడ్డట్టు పడతావు' అంది. అంటే అన్నదే గానీ, అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అవునూ, ఆ గుంట సంగతేంటి? 'నేనూ అడుగుదామనే అనుకుంటున్నా.' 'నువ్వూనా?' చూద్దాంగారు ఎప్పటిలా వెనక్కి వాలి 'చూద్దాం' అనబోయారు. వాలడానికి వెనక ఏముంది? కాళ్ళు గాల్లోకి లేచాయి. అంతలో మూల మీంచి మా అత్తయ్య, చేతిలో చీపురు, 'ఎప్పుడు చూద్దాం?' అంది. ఆయన బిక్కమొహం వేశాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళే లేరు. 'అంటే... వీలు చూసుకుని...' టక్. 'ఎవరి వీలు?' టక్. లేచిపోదామని చూశాడు. అందరికన్నా పెద్దాయన కర్ర అడ్డం పెట్టి, 'జవాబు చెప్పకుండా లేవకూడదని మా తాత చెప్పేవాడయ్యా. ఎందుకు చెప్పేవాడో నాకివాళ అర్థమైంది' అన్నాడు. చూద్దాంగారు చాలాసేపు ఆ పీట మీద గుర్రమెక్కినట్టు ఊగి ఊగి, ఆఖరికి 'సాయంత్రానికల్లా! మా తాపీమేస్త్రీ చేత! నన్ను దించండ్రా' అని కేకేశారు.

ఆ కేక రాకముందే ఇటు మధ్యాహ్నమైంది, కొత్తవీధి వాళ్ళు పీట కోసం వచ్చారు. పీటేది? దాని మీద చూద్దాంగారింకా ఊగుతున్నారు. కుర్చీ బంక మాత్రం ఈలోపు ఆరింది. మామయ్య అది ఇచ్చి పంపాడు. ఆ వారం వాళ్ళ అధ్యక్షుడు దర్జీ, మెడలో టేపు, పీచులాంటి మనిషి. వణుక్కుంటూ వచ్చి కూర్చున్నాడు. దిండులో సగం మనిషి మునిగిపోయాడు. కాళ్ళు నేలకి అందలేదు. నెత్తిన గుడ్డ గొడుగు, పక్కన నున్నటి చేతులు. 'ఏయ్' అందామని వచ్చినవాడు ఆ వైభవం చూసి 'అయ్యా' అన్నాడు. తన నోట్లోంచి వచ్చిన మాటకి తనే ఆశ్చర్యపోయాడు. ఇంకొకడు 'అయ్యా, తమకి వీలైతే, వాన...' అన్నాడు. దర్జీ ఏమీ అనలేదు. ఎలా అంటాడు, రాత్రంతా మిషను తొక్కినవాడు, మెత్తగా తగిలేసరికి నిద్రపోయాడు. 'ష్! ఆలోచిస్తున్నారు' అన్నారు ఒకరు. 'మనకీ ఇన్నాళ్ళకి ఓ పెద్దరికం వచ్చిందిరా' అని ఇంకొకరు కళ్ళు తుడుచుకున్నారు. మీసం రాని కుర్రాడి తండ్రి విసనకర్ర తెచ్చి విసరడం మొదలెట్టాడు. వారానికో అధ్యక్షుణ్ణి మార్చినవాళ్ళు, 'ఈయన్నే ఉంచేద్దాం, ఎప్పటికీ' అని గుసగుసలు. ఆఖరికి ఒకడు, 'పడమటెండ మొహాన కొడుతోంది. ఆ గేటు చెక్కలు మిగిలాయి కదా, మళ్ళీ నిలబెడితే నీడగా ఉంటుందేమో' అన్నాడు. ఎవరూ కాదనలేదు. మామయ్య గుమ్మంలోంచి అది విని చేతిలో సుత్తి కింద పడేసుకున్నాడు.

సాయంత్రం పాతవీధి తాపీమేస్త్రీ రానే వచ్చాడు, రాయి పరిచాడు, సిమెంటు పూశాడు, వెళ్ళాడు. మామయ్య సంతోషంతో పెట్టె విప్పించడానికి పరుగు పరుగున లోపలికెళ్ళి, 'మూసేశారే! మూసేశారు!' అన్నాడు. అత్తయ్యకి నమ్మకం కుదరలేదు, తన కళ్ళతో చూద్దామని బయటికి అడుగేసింది. వేసిన అడుగు రెండోవైపు పడింది. ఎందుకంటారా? మేస్త్రీ మూసింది సగమే! పాతవీధి సగం. మిగతా సగం కొత్తవీధిది, దాన్ని ముట్టుకోవడానికి ఆయనెవరు? మూడోసారి. నడుం దాకా.

అత్తయ్య పైకొచ్చింది, స్నానం కూడా చెయ్యలేదు, పెట్టె నెత్తికెత్తుకుంది, బురద కారుతూ నడిచింది. చెల్లెలింటికి దారి కొత్తవీధి మీంచే. 'ఏమే, ఆగవే' అంటూ వెనక మామయ్య. వీధి నడుమ కుర్చీలో దర్జీ, చుట్టూ మునివేళ్ళ మీద జనం. 'ష్! అమ్మా, అధ్యక్షులవారు ఆలోచిస్తున్నారు.' 'గురక పెడుతూనా?' అంది అత్తయ్య. పెట్టె ధన్‌మని దించి, దర్జీ కింది దిండు పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఆయన వట్టి చెక్క మీద ఠక్కున పడి కళ్ళు తెరిచాడు. ఎదురుగా బురద విగ్రహం. 'ఇస్తాను! ఏదడిగితే అది! సముద్రం...' 'నాకు సముద్రమొద్దు బాబూ, ఇప్పుడే ఒకదాంట్లోంచి వస్తున్నా. మిగతా సగం గుంట ఎవరు మూస్తారు? ఎప్పుడు?' దర్జీ ఏడ్చినంత పనిచేశాడు. 'ఇన్నాళ్ళూ అందరూ ఎందుకు, ఎందుకు అనే అడిగారమ్మా. ఎవరు, ఎప్పుడు అని ఒక్కళ్ళూ అడగలేదు' అన్నాడు. జనం తలలు దించుకున్నారు, విసనకర్ర ఆగింది. దర్జీ నేల కోసం కాళ్ళతో వెతుక్కుంటూ కుర్చీ దిగి, మెడలోంచి టేపు తీసి, 'నేను. ఇప్పుడు' అన్నాడు. వచ్చి గుంట కొలిచాడు, చొక్కాకి కొలిచినట్టు ఓ వేలు వదులుంచి మరీ కొలిచాడు. రాళ్ళు వాళ్ళకెక్కడివి? నీడకోసమని అప్పుడే ఎత్తుకొస్తున్న గేటు చెక్కలున్నాయిగా, వాటినే మామయ్య కోసి, మేకులు కొట్టి, గుంట మీద బిగించాడు. ఆయన జీవితంలో అంత గట్టిగా ఏ మేకూ కొట్టలేదట. గేటుకి ఇక ఒక్క ముక్క మిగల్లేదు.

అత్తయ్యా? ఆవిడ చెల్లెలింటికి వెళ్ళనే వెళ్ళింది! 'కష్టపడి సర్దిన పెట్టె ఎవరు విప్పుతారు' అంది. మామయ్య వీధి చివరిదాకా వెంటపడి, పాపం ఆయనా నేర్చుకున్నాడుగా, 'ఎప్పుడొస్తావే?' అని అడిగాడు. 'చూద్దాం' అంది అత్తయ్య. వారం తిరక్కుండానే వచ్చేసిందిలే. మాడిన గిన్నెల కబురు అక్కడిదాకా చేరిందట. ఆ కుర్చీ కోసం తరవాత రెండు వీధులూ రాలేదు, అత్తయ్య దాని మీద తడిబట్టలు ఆరేసేది. ఉన్న ఒక్క పీట పొద్దున ఇటు, మధ్యాహ్నం అటు. దాని పొడుగు కాలు కొయ్యమని ఇద్దరు అధ్యక్షులూ బతిమాలారు. మామయ్య పోయేదాకా కొయ్యలేదు. ఎప్పుడడిగినా వేలితో తాకి, 'చెక్క ఇంకా ఆరలేదు' అనేవాడు.

కాబట్టి పిల్లలూ, దీన్నిబట్టి మనం తెలుసుకోవాల్సింది ఏంటంటే, పాతవాళ్ళా కొత్తవాళ్ళా అన్నది కాదు, కూర్చున్నవాడు... ఏంటమ్మా రెండు జడలూ? మధ్యలో చెయ్యెత్తకూడదని చెప్పానా? దిండా? ఏ దిండు? ఓ... ఇదా. ఇది నడుం నొప్పికమ్మా. వెనక పలక కూడా... అవును, మొన్నే కొట్టించాను. నవ్వుతారేంట్రా లీడర్లూ, ఇద్దరూ ఒక్కటైపోయారే! ఉయ్యాలా? తాడు తెగిన మాట నిజమే, చెప్పాగా చూద్...

...

రేపు. గంట కొట్టకముందే. నేనే కడతాను. చాలా? ఇక లేవండి, ఇళ్ళకి పోయి అన్నాలు తినండి, మీ అమ్మలు ఎదురుచూస్తుంటారు. ఏయ్, రెండు జడలూ, నువ్వు ఆగు. వెళ్తూ వెళ్తూ ఈ దిండు తీసి లోపల పడెయ్.